నల్లకోటు విప్పకుండా నవల రాయడం ఎలా?

ఇరవై మూడేళ్లుగా క్రిమినల్ సైడు ప్రాక్టీసు చేస్తున్నాను. ఈమధ్యనే ఒక డిటెక్టివ్ నవల రాసి, సొంత డబ్బుతో అచ్చు వేయించాను. పేరు ‘సదరు హంతకుడు’. ఐదొందల కాపీలు వేస్తే నాలుగొందల పన్నెండు మా ఆఫీసు అటక మీద, లా జర్నళ్ల పక్కన, చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇంత అనుభవం నాతోనే పోకూడదని కుర్ర ప్లీడర్ల కోసం నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఫీజు అక్కర్లేదు.

అన్నిటికంటే ముందు, హంతకుడెవరో దాచకండి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ చివరిదాకా గుట్టు విప్పడు. చదవడానికి బాగానే ఉంటుంది గానీ, మన వృత్తిలో అలా కుదురుతుందా? ఎఫ్.ఐ.ఆర్.లోనే ఏ-1 ఎవరో రాసి ఉంటుంది. అందుకని నేను ఛార్జిషీటునే మొదటి అధ్యాయంగా పెట్టాను. పాత్రలకు పేర్లు పెడితే పాఠకుడు తికమకపడతాడని నంబర్లు ఇచ్చాను. “ఎల్.డబ్ల్యూ.4 కళ్లలో నీళ్లు తిరిగాయి.” “ఎల్.డబ్ల్యూ.9ని చూసి ఎల్.డబ్ల్యూ.7 మనసు పారేసుకున్నాడు.” ఛార్జిషీటులో ఎల్.డబ్ల్యూ.4 అయిన సాక్షి బోనెక్కేసరికి పి.డబ్ల్యూ.2 అవుతాడు కాబట్టి, సగం నవల దాటాక అందరి నంబర్లూ మారతాయి. సస్పెన్స్ అంటే అదీ.

కథనం కోర్టు నడిచినట్టే నడవాలి. నా రెండో అధ్యాయంలో జడ్జిగారు సెలవు. మూడులో సమన్లు అందలేదు. నాలుగులో ఎస్కార్టు లేక ముద్దాయిని జైలు నుంచి తీసుకురాలేదు. ఐదులో మేమే విధులు బహిష్కరించాం. ప్రతి అధ్యాయం ‘వాయిదా’ అన్న మాటతో ముగుస్తుంది. పాఠకుడు కూడా తర్వాత చదువుదాంలే అని పుస్తకం మూసి వాయిదా వేస్తున్నాడని విన్నాను. వాస్తవికత అంతగా పనిచేసిందన్నమాట.

భాష గురించి బెంగపడకండి. అమెరికాలో ఎర్ల్ స్టాన్లీ గార్డనర్ అని మన వృత్తివాడే ఒకడుండేవాడు. కాలిఫోర్నియాలో వెంచురా అనే ఊళ్లో ప్రాక్టీసు చేసుకుంటూ కథలు రాశాడు. పెర్రీ మేసన్ అనే ప్లీడరు పాత్రతో అతని మొదటి నవల 1933లో వచ్చింది. ఆయన నోటితో చెబుతుంటే సెక్రటరీలు టైపు కొట్టేవారట. నాకు సెక్రటరీ లేదు గానీ, కోర్టు గేటు ఎదురుగా చెట్టు కింద పిటిషన్లు కొట్టే టైపిస్టు ఉన్నాడు. పద్దెనిమిదేళ్ల అలవాటు అతనిది. నేను “వాడు కత్తి తీశాడు” అంటే అతని వేళ్లు “సదరు ముద్దాయి తన వద్ద గల పదునైన ఆయుధమును బయల్పరచి” అని కొట్టేవి. మొదట్లో కోప్పడ్డాను. తర్వాత చదువుకుంటే అదే బాగున్నట్టనిపించింది. నవల పేరు అలా పుట్టిందే.

సెక్షన్ల దగ్గర మాత్రం రాజీ పడకూడదు. నేను 2023లో మొదలుపెట్టాను. సగానికొచ్చేసరికి, 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకొచ్చి కూర్చుంది. హత్యకు 302 పోయి 103 వచ్చింది. రాత్రంతా కూర్చుని దిద్దాను. “ఒరే ఫోర్ ట్వంటీ!” అని హీరో అరిచే చోట “ఒరే త్రీ ఎయిటీన్ సబ్‌సెక్షన్ ఫోర్!” అని మార్చాను. తెల్లారాక మా జూనియర్ చూసి, “సార్, మన నవల్లో హత్య జరిగింది 2019లో కదండీ, పాత చట్టమే కదా వర్తించేది?” అన్నాడు. మళ్లీ వెనక్కి మార్చబోయి, మధ్యలో ఏదో బెయిలు పిటిషన్ తగిలి ఆపేశాను. ఇప్పుడు ఒకే హత్య 47వ పేజీలో 302, 112వ పేజీలో 103. రెండు చట్టాలకూ న్యాయం చేశాను.

ఇక కథలెక్కడివంటారా? ఫైళ్లనిండా ఉన్నాయి. కక్షిదారు మనల్ని నమ్మి చెప్పింది బయటపెట్టకూడదని పాత సాక్ష్యాధార చట్టంలో 126వ సెక్షన్ అనేది, కొత్తదానిలో 132 అంటోంది. కేసు అయిపోయినా ఆ కట్టుబాటు పోదట. దానికేం, పేర్లు మార్చేస్తే సరి అనుకున్నాను. ఊరు మార్చాను, కులం మార్చాను, చేపల చెరువును మామిడితోట చేశాను. అల్లుడి మెల్లకన్ను మార్చడం మర్చిపోయాను. పుస్తకం వచ్చిన పదోరోజు ఆ మామగారు ఆఫీసుకొచ్చాడు. చంకలో నా నవల. కూర్చోమన్నా కూర్చోలేదు. “ఫైలు కట్ట ఇచ్చేసి, నో అబ్జెక్షన్ రాసిచ్చెయ్యండి సార్, వేరే ప్లీడరుగారిని పెట్టుకుంటాం” అన్నాడు. రాసిచ్చాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, పూర్తిగా చదివినవాడు ఆయనొక్కడే. పాఠకుడు దొరకడమే కష్టమైన రోజుల్లో ఒక క్లయింటు పోతే పోయాడు.

అచ్చు పని సులువు. డి.టి.పి. కుర్రాడు అను ఫాంట్లలో కొట్టాడు, ప్రెస్సువాళ్లు యూనికోడ్‌లోకి మార్చారు, దారిలో కొన్ని ఒత్తులు రాలిపోయాయి. ‘హత్య’ చాలాచోట్ల ‘హత’ అయింది. అర్థం చెడలేదు కాబట్టి వదిలేశాను. డెమ్మీ సైజు, పదహారు ఫారాలు, అట్ట మీద రివాల్వరు. నవల్లో రివాల్వరు లేదు, కొబ్బరికాయలు కొట్టే కత్తే ఉంది. కానీ కత్తి బొమ్మేస్తే వంటల పుస్తకమనుకుంటారని ఆర్టిస్టు భయపెట్టాడు. ముందుమాటలు మూడు, ముగ్గురూ రిటైరైన పెద్దలే. ముగ్గురూ నా ప్రాక్టీసును మెచ్చుకున్నారు.

బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం అడ్వకేటు స్వయంగా వ్యాపారం చెయ్యకూడదు. ఆ భయం నాకు ఒక్క క్షణమే కలిగింది. నా నవల లెక్కలు చూసినవాడెవడూ దాన్ని వ్యాపారమనడు. అయినా జాగ్రత్తకని పబ్లికేషన్స్‌కి మా ఆవిడ పేరు పెట్టాను. ‘ప్రతులకు’ అన్న చోట మా ఇంటి అడ్రసే. వెనక అట్ట మీద నా ఫోటో, ఎన్‌రోల్‌మెంటు నంబరు, ఫోన్ నంబరు, “బెయిళ్లు, అప్పీళ్లు చూడబడును” అని కూడా వేయించాను. ప్రకటనలిచ్చుకుని కేసులు పట్టకూడదని 36వ రూలు ఉందని మా జూనియర్ మళ్లీ గొణిగాడు. స్టిక్కర్లు కొట్టించి అంటించాం. ఫోటో మీద కూడా పడింది.

అమ్మకాలకు గ్రిషంని ఆదర్శంగా పెట్టుకోండి. మిసిసిపీలో చిన్న ప్లీడరు. ‘ఎ టైమ్ టు కిల్’ 1989లో ఒక చిన్న సంస్థ ఐదువేల కాపీలు వేస్తే, అందులో వెయ్యి తనే కొని తిరిగి అమ్ముకున్నాడు. కోర్టులో ఒక చిన్నపిల్ల చెప్పిన సాక్ష్యం విని ఆ కథ మనసులో పడిందనీ, రోజూ తెల్లవారకముందే లేచి మూడేళ్లు రాశాడనీ చెబుతారు. అవన్నీ మనకెందుకు? కాపీలు తనే కొన్నాడన్న ముక్క పట్టుకోండి. నేను ఐదొందలూ కొన్నాను. బెయిలు పిటిషన్‌కి రెండు కాపీలు, సెషన్స్ కేసుకి ఐదు అని ఫీజులో కలిపాను. జామీనుదార్లకు ఉచితం.

ఒక హెచ్చరిక. రావిశాస్త్రి గారిని చదవకండి. విశాఖపట్నంలో మనలాగే ప్లీడరీ చేస్తూ, సారా కేసుల్లో ఇరుక్కునేవాళ్లూ, పోలీసులూ, దొంగసాక్షులూ, వీళ్ల మీద ‘ఆరు సారా కథలు’ రాశాడాయన. చదివితే మనక్కూడా వరండాలో కూర్చున్నవాళ్లు కనపడటం మొదలుపెడతారు.

నాకూ ఒకసారి అలా అయింది. మా కోర్టు వరండాలో మూడో స్తంభం దగ్గర ఒక ముసలామె కూర్చునేది. కొడుకు రిమాండులో ఉన్నాడు. స్టీలు డబ్బాలో పెరుగన్నం తెచ్చేది. ఎస్కార్టు కానిస్టేబులు ఒప్పుకుంటే వాడికి తినిపించేది, లేకపోతే డబ్బా ఒళ్లో పెట్టుకుని ఊరెళ్లే బస్సెక్కేది. చదువు రాదు. వాయిదా తేదీ ఎవరిచేతనైనా చీటీ మీద రాయించుకుని కొంగున ముడేసుకునేది. పాత చీటీలు పారేసేది కాదు. ఒకసారి నా ముందు ముడి విప్పింది, కొత్త తేదీ ఏదో చూసిపెట్టమని. పంతొమ్మిది చీటీలున్నాయి. చెమటకి అక్షరాలు అలుక్కుపోయి కొన్ని ఉత్త నీలి మరకలు. వాటిని కూడా సరిగ్గా మడిచి మళ్లీ కట్టుకుంది.

ఆ రాత్రి ఆమె మీద నాలుగు పేజీలు రాశాను. టైపిస్టుకి చెప్పలేదు, చేత్తోనే రాశాను. పొద్దున మా ఆవిడ చదివి, కాఫీ అక్కడే పెట్టి, ఏమీ అనకుండా లోపలికెళ్లింది. నచ్చలేదని అర్థమైంది. నేనూ ఆలోచించాను. ఆమె ముద్దాయి కాదు, సాక్షి కాదు, ఛార్జిషీటులో ఎక్కడా లేదు. నాలుగు పేజీలూ కొట్టేశాను. మీరూ ఇలాంటివి కనపడగానే కొట్టెయ్యండి.

పొరపాటున ఒక వాక్యం మిగిలిపోయింది. మొన్న మా గుమాస్తా కాజ్ లిస్టు రాసుకుంటూ ఉన్నట్టుండి తలెత్తి, “అయ్యగారూ, ఆ కొంగున చీటీలు కట్టుకున్నామె కొడుకు బయటికొచ్చాడాండి?” అన్నాడు. నవల గురించి అతను అడిగిన ప్రశ్న అదొక్కటే. కథకి సంబంధం లేదని చెప్పి, తప్పొప్పుల పట్టికలో చేర్చాను:

11వ పేజీ, 14వ పంక్తి: తొలగించి చదువుకోగలరు.