తోకచుక్క ఫొటో వాక్యానికి టీకా తాత్పర్యములు

మూలము: “నియోవైజ్. యూటా ఎడారి, 2020 జులై. ఒకే క్లిక్, ఎడిటింగ్ సున్న. నేనూ, అనంతమూ.”

టీక: ‘ఎడారి’, ‘జులై’ సుగమములు. లెన్సు వెల కవి చెప్పలేదు, అడిగించుకొని చెప్పును.

నియోవైజ్ = ఆ పేరుగల అంతరిక్ష టెలిస్కోపు మార్చి 27న పట్టుకొన్న తోకచుక్క. ఇచట కొంత విస్తరింపవలెను. తోకచుక్కలను కేతువులని పిలిచి, వరాహమిహిరుడు బృహత్సంహితలో కేతుచారమని ఒక అధ్యాయమే పెట్టెను. కేతువులు 101 అని కొందరు, వేయి అని కొందరు, పలురూపులు దాల్చు ఒక్కటే అని నారదుడు. ఎన్నయిన నేమి, ఫలము చెప్పుకొందమని వరాహమిహిరుడు సాగిపోయెను. ఆ 101కి తండ్రులు కూడ కలరు: సూర్యునికి 25, అగ్నికి 25, మృత్యువుకు 25, భూమికి 22, చంద్రునికి 3, బ్రహ్మకు 1. కూడి చూచితిని, సరిపోయినది. ఇంత ఒప్పుగా కూడిన వంశవృక్షము రాజులకు కూడ అరుదు.

ఫొటో మాట మరచితిమి.

ఒకే క్లిక్ = ఇచట శంక. జులై రెండవ సగమున ఆ చుక్క సంజ మాసిన పిదప వాయవ్యమున కనబడినది. ఫొటోలో దాని సరసనే పాలపుంత నడిబొడ్డు మెరయుచున్నది. అది దక్షిణమున నుండును. ఇరు దిక్కులనూ ఒకే రాతితోరణముపై కూర్చోబెట్టిన క్లిక్ ఎట్టిది? మరియు 200 మి.మీ. లెన్సుతో నక్షత్రములు సాగకుండ దక్కునది రెండున్నర సెకన్లే (500ను లెన్సు మి.మీ.లతో భాగించు వాడుక సూత్రము). చుక్కలతోపాటు కెమెరాను తిప్పు ట్రాకర్ బిగించినచో ఆకాశము నిలుచును, కొండ అలుక్కుపోవును. కావున ఆకాశమొకసారి, నేలయొకసారి తీసి అతికెనని సిద్ధాంతము. అతికిన అతికెను, ఒప్పుకొనుటకేమి?

నేనూ, అనంతమూ = పక్కన బారులు తీరిన ట్రైపాడ్లను మినహాయించి, అని భావము. కానీ ఆ రాయి ఎర్రగా పడాలని దానిమీద లైటు తిప్పారే, అప్పుడు అక్కడున్నది మీరొక్కరేనా? చీకటికి కన్ను అలవాటు పడటానికి దాదాపు అరగంట పడుతుంది. ఒక్క హెడ్‌ల్యాంపు చాలు, అదంతా పోవడానికి. కెమెరా లేకుండా, ఊరికే చూద్దామని పిల్లలను నిద్రలేపి తెచ్చినవాళ్ల సంగతేమిటి? ఆర్చెస్, కాన్యన్‌లాండ్స్ నేషనల్ పార్కులు ఇలా లైటు వేసి తీయడాన్ని నిషేధించింది ఊరికే కాదు.

తాత్పర్యము: నియోవైజ్ మళ్లీ వచ్చేసరికి సుమారు 6,800 ఏళ్లు. ఈలోగా వేరే తోకచుక్కలు వస్తాయి. అప్పుడు దయచేసి ఆ లైటు ఆర్పండి.