నూట నలభై నాలుగు చాలు

నీట్ ఫలితాలు వచ్చిన మర్నాడు ఊళ్లో మొదటి విడత ఫ్లెక్సీలు లేస్తాయి. అవి కార్పొరేట్ కాలేజీలవి. వాటి మీద ర్యాంకర్లు నిద్ర చాలని కళ్లతో, నవ్వని మొహాలతో వరసగా ఉంటారు. వారం తిరక్కుండా రెండో విడత లేస్తుంది, ఇవి విదేశాల్లో ఎంబీబీఎస్ సీట్లిప్పించే కన్సల్టెన్సీలవి. వీటి మీద పిల్లలంతా నవ్వుతుంటారు. తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, వెనకాల మంచుకొండ. "నీట్ క్వాలిఫై అయితే చాలు! డొనేషన్ లేదు! సౌతిండియన్ మెస్ కలదు!" మొదటి ఫ్లెక్సీలో చోటు దక్కనివాళ్ల కోసమే ఈ రెండో ఫ్లెక్సీ. తెలుగునాట బైపీసీ చదివిన ఏ బిడ్డా ఫ్లెక్సీ ఎక్కకుండా మిగిలిపోకూడదని ఎవరో మొక్కుకున్నట్టున్నారు.

ఇంతకీ ఎంత వస్తే చాలు? 2025లో జనరల్ కేటగిరీకి క్వాలిఫయింగ్ మార్కు 720కి 144. అంటే నూటికి ఇరవై. 2022లో అయితే 117తోనే పనయిపోయింది. పదో తరగతిలో లెక్కల పరీక్ష గట్టెక్కాలంటే ముప్పై అయిదు కావాలి. ఇరవైకే పాస్ చేసే దయ మన బోర్డులు ఒక్క హిందీ మీదే చూపించాయి. ఇప్పుడా దయ గుండె, కాలేయం, మూత్రపిండాల దాకా పాకింది.

2025లో 22 లక్షల మంది నీట్ రాస్తే 12 లక్షల పైచిలుకు క్వాలిఫై అయ్యారు. దేశం మొత్తమ్మీద అప్పటికి ఎంబీబీఎస్ సీట్లు లక్షా ఇరవై వేలకు అటూ ఇటూ. పదిమందిని భోజనానికి పిలిచి ఒక్క విస్తరి వేసిన పెళ్లివారిని మన ఊళ్లో ఏమంటారో పైకి రాయలేను. సర్కారు ఏమంటుందంటే, "నువ్వు అర్హుడివి, సీటు మాత్రం లేదు." కన్సల్టెన్సీ ఏమంటుందంటే, "నువ్వు అర్హుడివి, సీటుంది, టికెట్ కూడా మేమే బుక్ చేస్తాం." రెండేళ్లు ఇంటరు, ఒక ఏడాది లాంగ్‌టర్మ్, ఇంకో ఏడాది మళ్లీ లాంగ్‌టర్మ్ చదివించి అలిసిపోయిన తండ్రి చెవికి ఏ మాట తియ్యగా ఉంటుందో వేరే చెప్పాలా?

ఇక ఆదివారం ఉచిత సెమినార్. విజయవాడ కావచ్చు, హైదరాబాదు కావచ్చు, ఏసీ హాలు మాత్రం ఖాయం. గుమ్మం దగ్గర బొట్టుపెట్టి లోపలికి పంపుతారు. తెరమీద వీడియో ఆడుతుంటుంది. సూటు వేసుకున్న విదేశీ ప్రొఫెసరు తన భాషలో అయిదు నిమిషాలు మాట్లాడతాడు. ఆయన ఏమన్నాడో హాల్లో ఒక్కరికీ తెలియదు గానీ అందరూ చప్పట్లు కొడతారు. తరవాత కౌంటర్ల దగ్గర అసలు కార్యక్రమం.

"బాబుకెన్ని వచ్చాయి సార్?"

"నూట యాభై రెండండీ." తండ్రి గొంతు తగ్గిస్తాడు.

"అలా తలొంచుకుని చెప్తారేంటి సార్! ఎనిమిది మార్కులు ఎక్కువే తెచ్చుకున్నాడుగా!"

నాలుగేళ్లుగా ఆ పిల్లవాణ్ని ఎవరూ మెచ్చుకోలేదు. వాడి వెన్ను అక్కడికక్కడే నిటారవుతుంది. తల్లి కళ్లు తుడుచుకుంటుంది. నిజం చెప్పాలంటే, ఈ ఒక్క పనికి మాత్రం కన్సల్టెన్సీకి ఫీజు ఇవ్వొచ్చు.

"కాలేజీ మంచిదేనా అండీ?"

"డబ్ల్యూహెచ్ఓ అప్రూవ్డ్ సార్. మన ఎన్ఎంసీ అప్రూవ్డ్ కూడా."

ఇక్కడ చిన్న ఇబ్బంది ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మెడికల్ కాలేజీలకు గుర్తింపు ఇవ్వదు. ఆ అధికారమే దానికి లేదు. వైద్య కళాశాలల ప్రపంచ డైరెక్టరీ ఒకటుంది, అది నడిపేది వేరే సంస్థలు. అందులో పేరుండటం గుర్తింపు కాదని ఆ డైరెక్టరీవాళ్లే చెబుతారు. పోనీ ఎన్ఎంసీ? జాతీయ వైద్య కమిషన్ విదేశీ కాలేజీలకు అప్రూవల్ ముద్ర వేయదు, మంచివాటి జాబితా అంటూ పెట్టుకోదు. నిబంధనలు ప్రకటిస్తుంది, వాటికి సరిపోతుందో లేదో చూసుకునే పని మనది. అంటే ఫ్లెక్సీ మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉన్న రెండు ముక్కలూ గాల్లోంచి పుట్టినవే. మెస్ సంగతి మాత్రం నిజం. గుంటూరు నుంచి వెళ్లిన వంటాయన ఉంటాడు, గోంగూర పచ్చడి కూడా దొరుకుతుంది.

ఫీజు మాటకొస్తే, తండ్రిని చూసి నవ్వడానికి నాకు మనసొప్పదు. ఇక్కడి ప్రైవేటు కాలేజీలో బీ కేటగిరీ సీటుకు ఏడాదికి పది, పన్నెండు లక్షలు. సీ కేటగిరీ అయితే ఇంకా చాలా ఎక్కువ. మొత్తం చదువుకు కోటి దాటిపోయే సీట్లున్నాయి. అక్కడేమో మొత్తం కోర్సు, హాస్టలు, విమానం కలిపి పాతిక ముప్పై లక్షల్లో అయిపోతుందంటారు. ఎకరం అమ్మితే అబ్బాయి డాక్టరు, ఇక్కడే చదివిస్తే నాలుగెకరాలు. మా వ్యవసాయపు బుర్రలకు ఈ లెక్క ఇట్టే ఎక్కుతుంది. పైగా "మావాడు ఫారిన్‌లో ఎంబీబీఎస్" అన్న మాటకు చుట్టాల్లో ఉన్న విలువ వేరు. ఏ ఫారిన్ అని ఎవరైనా రెట్టిస్తే "రష్యా వైపు" అంటే సరిపోతుంది.

ఆ వైపు చాలా పెద్దది. కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, ఉజ్బెకిస్తాన్, తజికిస్తాన్. తొమ్మిదో తరగతి సోషల్ పరీక్షలో ఏది ఎక్కడుందో గుర్తించలేక పటం పేజీ ఖాళీగా వదిలేసిన కుర్రాడే ఆరేళ్లు అక్కడ కాపురం చేసి వస్తాడు. బిష్కెక్, సమర్కండ్, టిబిలిసి, కజాన్ అన్నవి తెనాలి, జగిత్యాల కుటుంబాల్లో ఇప్పుడు ఇంటి పేర్లంత మామూలు. ఒకప్పుడు అందరి నోటా దవావో ఉండేది. ఫిలిప్పీన్స్‌లో ముందు బీఎస్, తరవాత ఎండీ. ఎన్ఎంసీ 2021 నవంబరులో కొత్త నిబంధనలు తెచ్చింది. ఆ బీఎస్ లెక్కలోకి వస్తుందా రాదా, అక్కడ చదివిన మనవాడికి ఆ దేశం లైసెన్సిస్తుందా ఇవ్వదా అని గోల మొదలైంది. కన్సల్టెన్సీలు ఏమాత్రం తొణకలేదు. ఫ్లెక్సీలో కొబ్బరిచెట్లు తీసేసి మంచుకొండ పెట్టాయి.

అక్కడి క్లాసులు ఇంగ్లీషులో అంటారు. ఎముకల పేర్లు లాటిన్‌లో ఉంటాయి. పాఠం ప్రొఫెసరుకు వచ్చినంత ఇంగ్లీషులో సాగుతుంది. రూమ్మేటు తెలుగువాడు. రోగి మాత్రం రష్యన్‌లోనో కిర్గిజ్‌లోనో మూలుగుతాడు. "నొప్పి ఎక్కడ?" అని అడగడం మనవాడు మూడో ఏడాదికి నేర్చుకుంటాడు. రోగి చెప్పే జవాబు అర్థం కావడానికి ఇంకొంత కాలం పడుతుంది. ఈలోగా రోగికి నయమైనా అవుతుంది.

చరిత్ర కూడా ఈ పిల్లల మీద పగబట్టినట్టే నడిచింది. 2020లో కోవిడ్‌తో ఇంటికొచ్చిన చైనా విద్యార్థులు రెండేళ్లకు పైగా వెనక్కి వెళ్లలేక సెల్‌ఫోన్లో శవపరిచ్ఛేదం నేర్చుకున్నారు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద బాంబులు పడ్డాయి. ఖార్కివ్ బంకర్లలోంచి మన పిల్లలు పెట్టిన వీడియోలు చూసి రెండు రాష్ట్రాల్లో తల్లులు అన్నం మానేశారు. ఆపరేషన్ గంగ విమానాల్లో ఇంటికొచ్చారు గానీ చదువు అక్కడే ఉండిపోయింది. 2024 మేలో బిష్కెక్‌లో అల్లరి మూకలు విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద పడితే తలుపులకు మంచాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆ వారం ఒక దేశం ఫ్లెక్సీ దిగింది, ఇంకో దేశం ఫ్లెక్సీ లేచింది. కొత్తదాని మీద ఒక పదం అదనంగా చేరింది: "సేఫ్ కంట్రీ".

అన్నీ గట్టెక్కి, కోర్సు ముగించుకుని, శంషాబాద్ విమానాశ్రయంలో పూలదండతో దిగాక అసలు కథ మొదలవుతుంది. దాని పేరు ఎఫ్ఎంజీఈ, విదేశాల్లో చదివొచ్చినవాళ్లు ఇక్కడ లైసెన్సు కోసం రాయాల్సిన పరీక్ష. 2002 నుంచి ఉంది. ఏడాదికి రెండుసార్లు పెడతారు. 300 ప్రశ్నలు, పాసవడానికి 150 కావాలి. అంటే చదువులోకి పోయేటప్పుడు నూటికి ఇరవై అడిగిన దేశం తిరిగొచ్చేటప్పుడు యాభై అడుగుతుంది. ఇందులో తప్పేమీ లేదు. రేపు నా కడుపు కోసేవాడు సగమైనా సరిగ్గా రాయాలని నాకూ ఉంటుంది. 2025 జూన్‌లో 36 వేల మందికి పైగా రాస్తే 6,707 మంది గట్టెక్కారు. నూటికి 18.61. మిగతావాళ్లు మళ్లీ రాస్తారు, మళ్లీ మళ్లీ రాస్తారు. ఢిల్లీలో గౌతమ్ నగర్ అనే పేట ఇలాంటివాళ్ల కోచింగ్‌తో, పీజీ హాస్టళ్లతో, పరాఠాలతో బతుకుతోంది. నీట్ కోచింగ్‌తో మొదలైన బతుకు మళ్లీ కోచింగ్‌లోకే వచ్చి పడింది. మధ్యలో ఆరేళ్ల మంచు, పాతిక లక్షల ఖర్చు, అంతే తేడా.

ఈ దశలో కన్సల్టెన్సీకి ఫోన్ చేసి చూడండి. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య అన్నారు గానీ, ఇక్కడ ఏరు దాటాక మల్లయ్య నంబరే మారిపోతుంది. తప్పంతా ఆయనదేనా? ఆయన అమ్మింది అడ్మిషను. ఆ సరుకు మనకు అందింది కదా! తిరిగి రావడం గురించి సెమినార్లో ఎవరం అడగలేదు. మెస్‌లో పెరుగు గట్టిగా ఉంటుందా అని అడిగాం.

ఇంతవరకూ చదివి, "అందుకే తక్కువ మార్కులవాళ్లు డాక్టర్లు కాకూడదు" అని తల ఊపుతున్నవారికి ఒక మనవి. అదే 152 మార్కుల పిల్లవాడి తండ్రికి నాలుగెకరాలు ఉన్నాయనుకుందాం, లేదా న్యూజెర్సీలో ఒక బాబాయి ఉన్నాడనుకుందాం. వాడు ఏ డీమ్డ్ యూనివర్సిటీలోనో, ఎన్నారై కోటాలోనో ఇక్కడే చేరతాడు. యూనివర్సిటీ పరీక్షలు రాస్తాడు, ఇంటర్న్‌షిప్ చేస్తాడు, కాదనను. కానీ గేటు దగ్గర నిలబెట్టి "ఏదీ, 300కి 150 తే" అని అడిగేవాళ్లుండరు. మార్కులు అవే, నీట్ కార్డు అదే. ఒకడు అనుమానితుడు, ఒకడు డాక్టరుగారు. మన వ్యవస్థ మామూలు మార్కులను ఏనాడో క్షమించింది, మామూలు జేబునే క్షమించలేకపోతోంది.

అమెరికావాడు ఈ విషయంలో కొంచెం నయం. అక్కడి కాలేజీల్లో సీటు రానివాళ్లు కరీబియన్ దీవులకు పోతారు. వాళ్లలో డాలస్, ఎడిసన్ తెలుగు పిల్లలూ ఉన్నారు. తక్కువ మార్కుల బాధ మన జాతి సొత్తేమీ కాదు. 1983 అక్టోబరులో రీగన్ గ్రెనడా అనే చిన్న దీవి మీదికి సైన్యాన్ని పంపుతూ చెప్పిన కారణాల్లో ఒకటి, సెయింట్ జార్జెస్ మెడికల్ కాలేజీలో చదువుతున్న అమెరికన్ విద్యార్థుల క్షేమం. వాళ్లు ఆరువందల మంది దాకా ఉన్నారు. సీటు రాక దీవికి పోయిన పిల్లల కోసం యుద్ధనౌకలు కదిలాయి! సరే, యుద్ధం మాట వదిలేద్దాం. నాకు నచ్చింది వేరే. గ్రెనడాలో చదివొచ్చినవాడు లైసెన్సు కోసం రాసేది యూఎస్ఎంఎల్ఈ. హార్వర్డ్‌లో ఎండీ చదివినవాడు రాసేదీ అదే యూఎస్ఎంఎల్ఈ.

మనకీ అలాంటిదే వస్తుందన్నారు. 2019 ఎన్ఎంసీ చట్టంలో నెక్స్ట్ పరీక్ష ఉంది. ఇక్కడ చదివినా, ఎక్కడ చదివినా లైసెన్సుకు ఒకటే పరీక్ష. 2023 జులై 28న నమూనా పరీక్ష పెడతామన్నారు, తేదీ దగ్గరపడ్డాక వాయిదా వేశారు. ఇక్కడి విద్యార్థులు వద్దన్నారు, యాజమాన్యాలు సంతోషంగా మౌనం పాటించాయి. ఆ పరీక్షంటూ పెడితే ఏ కోటి రూపాయల సీటులో ఎంత చదువుందో బయటపడుతుంది కదా. బిష్కెక్ కాలేజీల పాస్ శాతం చదివి ముక్కున వేలేసుకునే మనం, మన ఊరి పక్క కాలేజీ పాస్ శాతం ఎంతో తెలుసుకునే వీలు లేకుండా హాయిగా ఉన్నాం. నెక్స్ట్ వచ్చేదాకా ఎఫ్ఎంజీఈని వడపోత అని పిలవడం మానేస్తే బాగుంటుంది. అది పేదవాడి సంచినే సోదా చేసే చెక్‌పోస్టు. దాన్ని దాటొచ్చిన ఆ అయిదుగురిలో ఒకడి దగ్గర నేను నిశ్చింతగా మందు రాయించుకుంటాను.

ఈ ఏడు కూడా ఫ్లెక్సీలు లేచాయి, సెమినార్ల పిలుపులు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. వెళ్లేవాళ్లు వెళ్లండి, సమోసా తినండి. అడ్వాన్సు ఇచ్చేముందు మాత్రం నాలుగు ప్రశ్నలు అడగండి. కోర్సు 54 నెలలకు తక్కువ కాకుండా, ఇంగ్లీషులోనే ఉంటుందా? తరవాత 12 నెలల ఇంటర్న్‌షిప్ ఆ కాలేజీలోనే చేయిస్తారా? చదువయ్యాక ఆ దేశం తన పౌరులకిచ్చినట్టే మా పిల్లవాడికి వైద్యం చేసే లైసెన్సిస్తుందా? ఆ కాలేజీ నుంచి వచ్చి ఎఫ్ఎంజీఈ రాసినవాళ్లెందరు, పాసైనవాళ్లెందరు? చివరిదానికి "మాకు తెలీదు సార్" అంటే నమ్మకండి. పరీక్ష పెట్టే జాతీయ బోర్డు కాలేజీలవారీగా ఆ లెక్కలు గతంలో ప్రచురించింది. జవాబులు వాయిస్ మెసేజ్‌లో వద్దు, కన్సల్టెన్సీ లెటర్‌హెడ్ మీద సంతకంతో తీసుకోండి. అది చేతికొచ్చాకే ఎకరం బేరం పెట్టండి.