గోతాం కోటు

ఇప్పుడు నన్ను కోటు అంటున్నారు. ఏలూరులో ఒక మేడమీది గదిలో చెక్కబొమ్మకు తొడిగి ఉన్నాను. పుట్టుకతో నేను గోతాన్ని. ఈ ఊరి జూటు మిల్లులోనే నేశారు. నార మాత్రం బెంగాల్‌ది. రెండు మూడు వారాలు చెరువు నీళ్లలో నానితేగాని అది కాడను వదలదు. మిల్లులో దాని బిరుసు తగ్గడానికి నూనె, నీళ్లు కలిపి చల్లారు. కొత్త గోతాం దగ్గర ముక్కుకు తగిలే వాసన ఆ నూనెదే. 50 కిలోల ధాన్యం పట్టే సంచి 580 గ్రాములు తూగాలని లెక్క. నేను ఆ లెక్కకు తూగాను.

మొదట తాడేపల్లిగూడెం వెళ్లాను. రైసు మిల్లులో కొన్నాళ్లు బియ్యం మోసి, తర్వాత ఉల్లిపాయల మార్కెట్టుకు చేరాను. ఉల్లిపాయకు గాలాడాలి. నా నేతలో గాలి ఆడుతుంది కాబట్టి కర్నూలు ఉల్లి నాకు అప్పగించారు. జట్టుకూలీలు ఇనుప కొక్కెం గుచ్చి వీపుమీదికి లాక్కునేవారు. ఒకరోజు ఆ కొక్కెం పోటుకు నా పక్క బెత్తెడు చిరిగింది. మార్కెట్టు బయట పాత గోతాలు బాగుచేసే ముసలమ్మ ఒకామె ఉండేది. దబ్బనంలో పురికొస ఎక్కించి, వేరే గోతాం ముక్క పెట్టి అతుకు వేసింది. ఆ అతుకు ఇంకా నా ఒంటిమీదే ఉంది.

ఆఖరికి తవుడు నింపి కొల్లేటికి పంపారు. అక్కడి చేపల చెరువుల్లో ప్లాస్టిక్ సంచులకు చిల్లులు పొడిచి, తవుడు నింపి, గడలకు కట్టి నీళ్లలో వేలాడదీస్తారు. చేపలు వచ్చి పొడుచుకు తింటాయి. నీళ్లలో ఉంటే నేను కుళ్లిపోతాను, ఆ పనికి పనికిరాను. ఖాళీ చేసి గట్టున పడేశారు.

వానాకాలం నాట్లప్పుడు, లంకగ్రామం నుంచి కూలికి వచ్చిన ఒక తల్లి నన్ను చూసి తీసుకుంది. నా అడుగున ఉన్న ఒక మూలను రెండో మూలలోకి తోసింది. తలకు టోపీ, వీపుకు కప్పు, రెండూ అయ్యాను. కత్తెర లేదు, సూది లేదు, రెండు క్షణాల పని. ఆమె వంగి నాట్లు వేస్తున్నంతసేపూ నేను తడిసి బరువెక్కేదాన్ని. ఆమె వీపు మాత్రం వెచ్చగా ఉండేది. నేను దుస్తునయింది ఆ రోజే. కోటు తర్వాతెప్పుడో వచ్చింది.

ఆమె కూతురు హైదరాబాదులో ఫ్యాషన్ డిజైన్ చదివింది. 1966లో పారిస్‌లో పాకో రబాన్ అనే ఆయన అప్పటిదాకా దుస్తులకు వాడని ప్లాస్టిక్ బిళ్లల్లాంటి వాటితో పన్నెండు గౌన్లు చేసి, వాటిని ‘ధరించలేని దుస్తులు’ అని తానే పిలిచి చూపించాడని అక్కడ చదువుకుంది. అమెరికాలో కరువు రోజుల్లో, 1930లలో, రైతు కుటుంబాలు పిండి సంచులు విప్పి పిల్లలకు గౌన్లు కుట్టుకుంటుంటే, మిల్లులే ఆ నూలు సంచులమీద పువ్వులు అచ్చు వేయించాయని కూడా చదివింది. సెలవులకు వచ్చి, చూరుకు వేలాడుతున్న నన్ను చాలాసేపు చూసింది.

“అమ్మా, ఇది నేను పట్టుకెళ్తానే.”

“గోతాం ఎందుకే నీకు? నలుగురూ నవ్విపోతారు.”

“నువ్వు తొడుక్కున్నప్పుడు ఎవరన్నా నవ్వారా?”

“నేను గతిలేక కప్పుకున్నానే.”

ఆ మాటకు కూతురి దగ్గర బదులు లేదు. ఆమె పనినంతా నడిపించింది ఆ మాటేనని నేను నమ్ముతాను.

గోతాలతో కోట్లు కుట్టడం మొదలుపెట్టిన కొత్తలో నా జాతితో ఆమె చాలా అవస్థపడింది. కత్తెర పెట్టగానే పోగులు జారిపోయేవి. మిషను సూదులు విరిగేవి. నూగు రాలి దగ్గు వచ్చేది. మొదటి విడత కోట్లు ఒంటికి గుచ్చుకుంటున్నాయని ఒక పెద్ద దుకాణం తిప్పి పంపింది. కొన్నేళ్లపాటు ఇంటద్దె కట్టింది చేతిసంచుల మీద వచ్చిన డబ్బే, కోట్ల మీద పైసా మిగల్లేదు.

పాత గోతాలు కొనడానికి ఒకసారి తాడేపల్లిగూడెం మార్కెట్టుకు వెళ్లినప్పుడు ఆ ముసలమ్మే కనబడింది. ఈమె కష్టం విని నవ్వలేదు. “కత్తెర పెట్టే గీత పక్కన ముందు కుట్టెయ్యమ్మా. ఆనక కత్తిరించు. పోగు ఎక్కడికీ పోదు” అంది. బడిలో ఏళ్లు చదివినా అందని కిటుకు అక్కడ గోతాల కుప్ప పక్కన దొరికింది.

గుచ్చుకోవడానికి మందు రసాయన శాస్త్రంలో ఉంది. జనపనారను గాఢమైన కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచితే పోగు ముడతపడి, ఉబ్బి, ఉన్నిలా మెత్తబడుతుంది. కొంత బలం పోతుంది, అందుకే సమయం చూసి తీయాలి. లోపల మెత్తటి నూలుగుడ్డ అస్తరు వేసింది. మెడకు నరసాపురం ఆడవాళ్లు అల్లిన లేసు కుట్టింది. నడుముకు కొల్లేటి గుర్రపుడెక్క కాడలు ఎండబెట్టి జడలా అల్లి కట్టింది. నాకున్న లోపం కూడా చెప్పాలి. ఎండలో నా రంగు పసుపెక్కుతుంది, తరచు ఉతికితే పాడవుతాను. కొనేవాళ్లకు ఆమె ఈ సంగతి ముందే చెబుతుంది.

నన్ను కోటుగా కత్తిరించే రోజున, అతుకున్న ముక్క తీసేద్దామన్నారు దర్జీ మాస్టారు. “అదే ఎడమవైపు ఎదమీదికి రావాలి మాస్టారూ, దాని కొలతను బట్టే మిగతాది కత్తిరిద్దాం” అంది. పురికొస కూడా మార్చలేదు.

ఇప్పుడు ఈ గదిలో తయారయ్యే ప్రతి కోటుకూ అతుకు వేసేది ఆ ముసలమ్మే. దర్జీ మాస్టారికి ఇచ్చే రోజుకూలి ఎంతో, ఆమెకూ అంతే ఇస్తున్నారు.