ఈశాన్యంలో అమ్మోనియా

మా పై ఫ్లాటాయన ఇంట్లో చేప చచ్చిపోతే అయ్యో అనకూడదు, అభినందించి రావాలి. "ఇంటిమీదికొచ్చిన దిష్టి అది పట్టుకుపోయిందండీ" అంటారాయన, గండం గట్టెక్కిన మొహంతో. హాల్లో ఈశాన్యం మూల 40 లీటర్ల తొట్టి, అందులో లెక్కప్రకారం బంగారు రంగువి ఎనిమిది, నల్లది ఒకటి. గృహప్రవేశమైన నెలలోనే ఐదు పోయాయి. ఆ ఇంటికున్న ఈఎంఐ సంగతి తెలిస్తే ఎవరూ కన్నెయ్యరు మరి! చేపలమ్మే కుర్రాడు మాత్రం దిష్టి సిద్ధాంతాన్ని ఎందుకు కాదంటాడు, చావుకొక గిరాకీ.

చేప మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. తినగా మిగిలిన మేత, రెట్ట కుళ్ళి ఇంకాస్త చేరుస్తాయి. కుదురుకున్న తొట్టిలో ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారిస్తే, మరో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ చేపకు విషం. మూడోది అంత ప్రమాదకారి కాదు, వారానికోసారి కొన్ని నీళ్ళు మారిస్తే అదుపులో ఉంటుంది. ఈ బాక్టీరియా కాపురం కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. మనవాళ్ళేమో ముహూర్తం మించిపోతుందని తొట్టి కొన్న సాయంత్రమే తొమ్మిదింటినీ దింపేస్తారు. ఆపైన ఆదివారమొస్తే నీళ్ళన్నీ పారబోసి, ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద పిండి పిండి ఉతుకుతారు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ కలిపేదే బాక్టీరియాను చంపడానికి!

"నీళ్ళు అద్దంలా ఉన్నాయి కదండీ" అన్నది ఆయన రెండో వాదన. అమ్మోనియాకు రంగుండదు, తేట నీళ్ళలో ఉండే చంపుతుంది. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అందులో విషంగా పనిచేసే వాటా దాదాపు 10 రెట్లవుతుంది. ఈ మాట చెబితే ఆయన లోపలికెళ్ళి తాగునీళ్ళ ఫిల్టరుతో వచ్చిన టీడీఎస్ పెన్ను తెచ్చి ముంచారు. కాటా ఎక్కించి జ్వరం చూసినట్టు!

భీమవరం వైపు రొయ్యల రైతు సీసాలో చెరువు నీళ్ళు పట్టుకుని ల్యాబుకు వెళ్తాడు. పీహెచ్ ఎంత, అమ్మోనియా ఎంత, ఆల్కలినిటీ ఎంత అని అడుగుతాడు. ఆయనా చెరువుగట్టున కొబ్బరికాయ కొడతాడు. కొట్టాను కదా అని ఏరేటరు మాత్రం ఆపెయ్యడు.

చివరికి నేనే ఒక టెస్ట్ కిట్టు కొని పట్టుకెళ్ళాను. గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల తొట్టి నీళ్ళు పోసి, రెండు సీసాల్లోంచి ఎనిమిదేసి చుక్కలు వేసి, 5 నిమిషాలు ఆగాం. పసుపు రంగు అలాగే నిలిస్తే అమ్మోనియా లేనట్టు, ఆకుపచ్చ ముదిరేకొద్దీ ముప్పు ముదిరినట్టు. గొట్టంలో నీళ్ళు గోంగూరాకులా తిరిగాయి. ఆయన దాన్ని ట్యూబులైటు కింద ఎత్తి పట్టుకుని మురిసిపోతూ వంటింట్లోకి కేకేశారు: "ఏమేవ్, పచ్చగా వచ్చిందే! అంతా శుభమే!"