విత్తనానికి తీసిపెట్టినావా?

మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది మా అమ్మ. అందరికంటే ఆలస్యంగా లేచేది నా ల్యాప్‌టాప్. పొద్దున ఆరింటికి దాని బటన్ నొక్కి, పళ్లు తోముకుని, పాలప్యాకెట్ తెచ్చుకుని, కాఫీ తాగి, పేపర్లో జిల్లా పేజీలన్నీ చదివి వచ్చేసరికి తెరమీద ఆ తెల్లచుక్కలు గానుగెద్దులా ఇంకా తిరుగుతూనే ఉండేవి. లేచాక కూడా లేచినట్టు కాదు. నేను 'అ' కొడితే, లోపలికెళ్లి పెద్దవాళ్లను అడిగివచ్చినట్టు కాసేపటికి 'అ' పడేది.

ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. నెమ్మదిగా రాసే పిల్లల మీద నాకెప్పుడూ కోపం లేదు. కానీ వాళ్లు రాస్తూ రొప్పేవాళ్లు కాదు. ఇది రొప్పేది. దాని ఫ్యాను మోతకు పక్కింటాయన గోడమీదుగా తొంగిచూసి, "ఏంసార్, చెనిక్కాయల మిషన్ పెట్టినారా ఇంట్లో?" అని అడిగాడు. ఎగతాళి అనుకున్నాను. ఆయన నిజంగానే అడిగాడట, రెండు మూటలు ఒలిపించేది ఉందని.

దాన్ని 2016లో కొన్నాను. 4 జీబీ ర్యామ్, గిరగిరా తిరిగే రకం హార్డ్‌డిస్కు. అమ్మినాయన "పదేళ్లు చూడక్కర్లేదు సార్" అన్నాడు. నేను మాట వినే మనిషిని. చూడలేదు.

చివరికి మేనల్లుడికి ఫోన్ చేశాను. అనంతపురంలో బోరు లేని ఇల్లయినా ఉంటుందేమో గానీ, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పిల్లోడు లేని ఇల్లుండదు. (బోర్లలో నీళ్లున్నాయా అని మాత్రం అడక్కండి.) వాడు సంగతంతా విని, వైద్యుడు నాడి వదిలినట్టు ఒక నిట్టూర్పు విడిచి, "మామా, దాన్లో కసువు బాగా చేరిండాది. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టు. కొత్తపెండ్లికూతురు మాదిరి అయితాది" అన్నాడు.

కసువు అన్న మాటను వాడు ఉపమానంగా వాడాడు. నేనూ అలాగే విన్నాను. ఇద్దరం చదువుకున్నవాళ్లం కావడం వల్ల జరిగిన పొరపాటు అది.

ఫ్యాక్టరీ రీసెట్ అంటే ఏమిటో తెలియనివారికి రెండు ముక్కలు. ల్యాప్‌టాప్ చేసేటప్పుడే కంపెనీవాళ్లు దాని పుట్టుక నకలు ఒకటి తీసి, డిస్కులోనే ఒక మూల గదిలో పెట్టి తాళం వేస్తారు. ఆ గదికి మనం సాధారణంగా వెళ్లం. యంత్రం లేచేటప్పుడు ఒక మీట నొక్కితే (ఒకదానికి ఎఫ్9, ఒకదానికి ఎఫ్11, ఇంటిపేర్లలాగా ఎవరిది వారిదే) ఆ తలుపు తెరుచుకుంటుంది. మనం ఇన్నేళ్లూ పోగేసిందంతా ఊడ్చేసి, ఆ నకలును తెచ్చి నట్టింట్లో కూర్చోబెడుతుంది. ఇది కాక, 2012లో విండోస్ 8 వచ్చిన దగ్గర్నుంచి విండోస్‌లోనే మరో దారి ఉంది. ఇప్పటి విండోస్‌లో ఆ దారిన పోతే రెండు తలుపులు కనిపిస్తాయి: మీ ఫైళ్లు ఉంచమంటారా, అన్నీ తీసేయమంటారా? ఫైళ్లు ఉంచమన్నా, మనం వేసుకున్న ప్రోగ్రాములు మాత్రం పోతాయి. ఈ చివరి వాక్యాన్ని వాడు ఫోన్లో చెప్పాడు. నేను విన్నాను కూడా. బస్సులో కండక్టరు చెప్పే మాట వింటామే, అలా.

"మామా, డి డ్రైవ్ ఉండాదా నీకు?"

"ఉంది."

"అయితే ఏం భయం లేదు. నీ రాతలన్నీ దాంట్లోకి తోసెయ్. సి డ్రైవ్ ఒక్కటే కడుగుతాం."

ఈ సి, డి డ్రైవ్‌ల సంగతి మా జిల్లావాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 19,130 చదరపు కిలోమీటర్లతో రాష్ట్రంలోనే పెద్దదిగా ఉన్న మా జిల్లాకు 2022 ఏప్రిల్ 4న పార్టిషన్ జరిగింది. ధర్మవరం పట్టుచీరలు, లేపాక్షి బసవన్న, పెనుకొండ దగ్గరి కియా కార్ల ఫ్యాక్టరీ, కదిరి నరసింహస్వామి, తిమ్మమ్మ మర్రిమాను అన్నీ శ్రీ సత్యసాయి జిల్లా అనే డి డ్రైవ్‌లోకి పోయాయి. సి డ్రైవ్‌లో మేమూ మా ఎండా మిగిలాం. తాడిపత్రివాళ్లు, గుంతకల్లువాళ్లు ఈ మాటకు ఒప్పుకోరని తెలుసు. వాళ్లకు నా క్షమాపణలు.

ఆ రాత్రి ఎనిమిదింటికి నేను ఎఫ్11 మీద వేలుపెట్టి కూర్చున్నాను. అమ్మ పక్కన మంచమ్మీద కూర్చుని వక్కాకు నములుతోంది. ఎనభై దాటింది. ఎఫ్11 తెలియదు గానీ, కొడుకు ముఖంలో భయం తెలుస్తుంది.

"ఏమిరా చేస్తాండావు?"

"దీన్లో ఉండేదంతా తీసేసి మళ్లీ మొదట్నుంచి పెడతాండానమ్మా."

"అంతా తీసేస్తాండావా?" నమలడం ఆపింది. "విత్తనానికి తీసిపెట్టినావా?"

ఈ ప్రశ్నకు వెనక చాలా చరిత్ర ఉంది. కూడేరు దగ్గర మాకు చేను ఉన్న రోజుల్లో, చెనిక్కాయలు పీకి ఆరబెట్టగానే అమ్మ చేసే మొదటి పని మంచి కాయలు ఏరి పక్కన పెట్టడం. ఒలిచిన విత్తనాలు కాదు, కాయలే. పొట్టులో ఉంటేనే విత్తనం ప్రాణంతో ఉంటుంది, విత్తే ముందే ఒలవాలి. మూటల్లో కట్టి, గోడ చెమ్మ తగలకుండా చెక్కపలకల మీద నిలబెట్టి, నడుమ నడుమ వేపాకు వేసేది. ఆ పైన ఆ మూటలు ఇంట్లో లేవనుకునే బతికేవాళ్లం. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక ఏడు చేను మొత్తం ఎండిపోయింది. అప్పులాయన అరుగుమీద కూర్చున్నాడు. అమ్మ కమ్మలు కుదువకు పోయాయి, బర్రె సంతకు పోయింది. ఆ మూటలు మాత్రం కదల్లేదు. వాటిలోంచి పిడికెడు వేయించుకు తిన్నందుకు నేను తిన్న దెబ్బలు ఇంకా గుర్తున్నాయి. రుచి గుర్తులేదు.

"తీసిపెట్టినానమ్మా. డి డ్రైవ్‌లో ఉన్నాయి."

"యాడుండాది అది?"

"దీంట్లోనే. పక్క గదిలాంటిది."

అమ్మ నా వంక, ల్యాప్‌టాప్ వంక మార్చి మార్చి చూసింది. "ఇల్లు కాలిపోతే పక్క గది కాలదా?" అని, మళ్లీ వక్కాకు నమలసాగింది.

నేను నవ్వి మీట నొక్కాను.

తర్వాతి కథ మీరు ఊహించినట్టే నడిచింది. అరవైనాలుగు శాతం దగ్గర కరెంటు పోయింది. తెరమీద 'కంప్యూటర్ ఆపకండి' అని రాసుంది. ఆ మాట నాకు చెప్తే ఏం లాభం, కరెంటు వాళ్లకు చెప్పాలి గానీ. బ్యాటరీ ఎప్పుడో 2019లోనే కాలం చేసింది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది గానీ దానికీ వయసు మీదపడింది. ల్యాప్‌టాప్‌ను బతికించడానికి ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆపించాను. మే నెల, నలభైరెండు డిగ్రీలు పట్టిన పగటి వేడి గోడల్లోంచి అప్పుడప్పుడే బయటికి వస్తోంది. మా ఆవిడ విసనకర్రతో ఒకవైపు తనకు విసురుకుంటూ, మధ్యమధ్య దానికీ విసిరింది. ప్రేమతో కాదు. "ఇది పోతే మళ్లీ కొత్తది కొంటారు" అనే భయంతో.

రాత్రి ఒంటిగంటన్నరకు అది కళ్లు తెరిచింది. "హాయ్" అంది. మేనల్లుడు కొత్తపెండ్లికూతురు అన్నాడు గానీ, నేను చూసింది పెళ్లిచూపులనాటి పిల్లను. ఒద్దిక, చిరునవ్వు, మధ్యలో మనం పిలవని చుట్టాలు. ముప్పై రోజులు ఉచితం అనే యాంటీవైరస్ ఒకటి, పేకాట ఒకటి, ఎప్పుడూ తెరవని ఫొటో ఆల్బం ఒకటి, అన్నీ 2016లో వచ్చినట్టే మళ్లీ వచ్చి వరసగా కూర్చున్నాయి. వాటితోపాటు ఈ నడుమ విడుదలైన అప్‌డేట్లన్నీ గుమ్మంలో బారులు తీరాయి. అన్నీ దింపుకోవడానికి రెండు రోజులు పట్టింది.

మూడోరోజు నా వ్యాసాలు తెరిచాను. డి డ్రైవ్ భద్రంగానే ఉంది. ఇల్లూ కాలలేదు, గదీ కాలలేదు. కానీ నా తెలుగు లేదు. దాని చోట ఇంగ్లీషు అక్షరాలు నెత్తిన టోపీలు పెట్టుకుని, కొన్ని చుక్కలు తగిలించుకుని, నడుమ పౌండు గుర్తులూ ఆశ్చర్యార్థకాలూ చంకనేసుకుని ఊరేగుతున్నాయి. పదిహేనేళ్లుగా నేను రాసిందంతా అనూ ఫాంట్లలో. అవి యూనికోడ్ కంటే ముందునాటి పద్ధతివి. ఇంగ్లీషు అక్షరాల అరల్లో మన అక్షరాల బొమ్మలు పెట్టి నడిపిస్తాయి. ఆ ఫాంటు మిషన్‌లో ఉన్నంతసేపు అది తెలుగు. లేకపోతే అరలు మాత్రమే మిగుల్తాయి. ఫాంట్లూ ఆ కీబోర్డు ప్రోగ్రామూ సి డ్రైవ్‌లో ఉండేవి. కండక్టరు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

కాయలు దాచాను, మొలకెత్తే గుణం దాచలేదన్నమాట. అమ్మకు చెప్పలేదు.

అది కూడా పోనీ అనుకుందును, ల్యాప్‌టాప్ పరిగెత్తి ఉంటే. పొద్దున చల్లవేళ బాగానే ఉండేది. పదకొండు దాటితే మూలుగు మొదలు. రెండింటికి మళ్లీ అదే గానుగెద్దు, అదే చెనిక్కాయల మిషన్. సాయంత్రం ఆరు దాటితే కాస్త తేరుకునేది. తిట్టబోయి ఆగాను. మే నెలలో మా ఊళ్లో ఎవరిని చూసినా ఇదే దినచర్య కదా.

కమలానగర్‌లో చిన్న రిపేరు షాపుకు తీసుకెళ్లాను. ఇరవై రెండేళ్ల కుర్రాడు. ల్యాప్‌టాప్‌ను బోర్లించి, సన్న స్క్రూడ్రైవర్‌తో పన్నెండు మరలు తీసి, ఒక పాత బ్యాంకు కార్డుతో అంచు వెంట గీరుకుంటూ పోయి అడుగు రేకు లేపాడు. లేపి "అబ్బా" అన్నాడు. దుకాణంలో ఉన్న మరో ఇద్దరు కూడా వచ్చి చూశారు. నేనూ మెడ సాచాను.

ఫ్యానుకూ దాని పక్కనుండే రాగి జాలీకీ మధ్య ఒక పొర. మెత్తగా, దట్టంగా, పాత కంబళి ముక్కలా, ఎర్రగా. కుర్రాడు చిమటాతో ఒక మూల పట్టి లాగితే చిరగకుండా మొత్తం పొర ఒక్కటిగా వచ్చింది. బల్లమీద పెడితే చితికి ఎర్రమట్టి రాలింది.

"రీసెట్ ఎందుకు కొట్టినారు సార్? దీని బుర్ర బాగానే ఉండాది. ఊపిరాడక సచ్చిపోతాండాది."

సంగతేమిటంటే, లోపలి ప్రాసెసర్‌కు వేడి వంద డిగ్రీల దగ్గర్లోకి వస్తే అది కాలిపోకుండా తనంతట తానే నడక తగ్గించుకుంటుంది. జబ్బు కాదు, జాగ్రత్త. జాలీ మూసుకుపోతే వేడి బయటికి పోదు, వేడి పోకపోతే నడక పెరగదు. సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు కడిగినా ఆ మట్టి మట్టే. కుర్రాడు బ్లోయర్ పెట్టి ఊదాడు. దుకాణం బయట ఎర్రటి మేఘం లేచింది. పాత పేస్టు గీకేసి, ప్రాసెసర్ మీద బూడిదరంగు కొత్త పేస్టు బొట్టంత పెట్టి మూసేశాడు. "ఎస్ఎస్‌డీ వేసుకుంటే ఇంకా బాగుంటాది" అన్నాడు. సరే అన్నాను. ఇప్పుడు అది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, పక్కింటాయన రెండు మూటలూ ఎక్కడో బయట ఒలిపించుకున్నాడు.

ఇంటికి వస్తూ ఆలోచిస్తే ఈ నేరం ఎవరిదో అర్థమైంది. నైరుతి రుతుపవనం అరేబియా సముద్రం మీద బిందెలు నింపుకుని బయల్దేరుతుంది. పడమటి కనుమలు ఎక్కేసరికే బిందెలన్నీ అక్కడ ఒలకబోసుకుంటుంది. మాదాకా వచ్చేవి ఖాళీ బిందెలు. అంటే గాలి. ఈశాన్యానిదీ అదే వరస, తూర్పు తీరం నుంచి ఇంతదూరం నడిచేసరికి దానికి శోష వస్తుంది. అటు కాక ఇటు కాక ఏడాదికి దక్కేది ఐదువందల యాభై మిల్లీమీటర్లు, అదీ దాని దయ. కానీ గాలికి మాత్రం లోటు లేదు. ఆషాఢం వచ్చిందంటే రామగిరి గుట్టలమీద గాలిమరలు తిరుగుతాయి, కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి ఒడ్డు ఇసుక పొలాలమీదికి నడిచి వస్తుంది. మిగిలింది మా కిటికీలోంచి నా ల్యాప్‌టాప్‌లోకి. పదేళ్ల రుతుపవనాలు నా బల్లమీద కురిశాయి, తడి తప్ప.

ఆ పొరను కాగితంలో పొట్లం కట్టించుకుని తెచ్చాను. ఎందుకో నాకూ తెలియదు. అమ్మకు చూపించాను. తను కళ్లద్దాలు పెట్టుకోలేదు. చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపింది. ఒకప్పుడు వాన పడిన మర్నాడు పదును చూసేదే, అచ్చం అలాగే.

"మన చేని మట్టి కాదిది."

"మరి?"

"కళ్యాణదుర్గం తట్టుది."

"వేళ్లతో నలిపి ఊరి పేరు కూడా చెప్తావామ్మా?"

"దానికి నలిపేదేముండాది? ఆషాఢంలో గాలి యాడినుంచి వస్తాది?" అని లేచి, ఆ పొట్లాన్ని తులసికుండీలో దులిపి, చెంబుతో కాసిని నీళ్లు పోసింది. తర్వాత నావైపు తిరిగి అడిగింది.

"ఆ రాతలు కనబడతాండాయా ఇప్పుడు?"

నేను చెప్పలేదనుకున్నాను కదా.

"లేదమ్మా."

"రెండు కాగితాలమీద ఉండేవి నీవి, పోయిన దసరాకు మీ చెల్లెలికి చూపించినావే, పత్రికలో పడినాయని. ట్రంకుపెట్టెలో పెట్టినా. వేపాకు కూడా ఏసినా."