ఆవసంజీవని: ఓవెను సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "ఉపకరణము పనిచేయనియెడల విద్యుత్ సరఫరాను సరిచూచుకొని, అర్హుడగు నిపుణుని సంప్రదింపవలెను."

కరెంటు ఓవెనుతో పాటు పెట్టెలో వచ్చే చిన్న పుస్తకాల చివరి పుటల్లో, కర్త పేరు లేకుండా కనిపించే సూత్రాలు ఈ జాతివి. సూత్రం అల్పాక్షరంగా ఉండాలనీ, సందేహం మిగల్చకూడదనీ శాస్త్రకారులు నియమం పెట్టగా, ఇది మొదటి సగాన్ని మాత్రమే పాటించింది. ఓవెను స్విచ్ వేయగానే ఫ్యాన్లు ఆగి, ఇల్లు చీకటై, అందరూ వంటింటివైపు చూసే ఘడియలోనే దీని అవసరం కలుగుతుంది గనుక, చదవడానికి వెలుతురు కూడా ఉండదు. మెదకు సీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి, ఆధారం లేనిదీ అక్కరలేనిదీ రాయనని మాట ఇచ్చి కాళిదాస కావ్యాలకు సంజీవని అనే వ్యాఖ్య రాశాడు; ప్రస్తుత వ్యాఖ్య ఆ మాటలో మొదటి సగంతో తృప్తిపడుతుంది.

"పనిచేయనియెడల" అన్నది స్పష్టం. "విద్యుత్ సరఫరా" అన్నదీ స్పష్టమే. కష్టమైన చోటనే స్పష్టమని దాటిపోవడం వ్యాఖ్యాతల సంప్రదాయం.

ఇక "ఉపకరణము" అంటే ఇక్కడ ఓవెను. కుమ్మరి కుండలు కాల్చేదానికి తెలుగులో ఆవమని పేరు, వాడుకలో ఆము. వకారం రెండింటా ఉంది, వేడి రెండింటా ఉంది, లోపల ఏం జరుగుతున్నదో బయటివారికి తెలియకపోవడమూ రెండింటా ఉంది కాబట్టి, ఆవమే సముద్రాలు దాటి ఓవెనై తిరిగివచ్చిందని ఊహించడానికి వ్యాఖ్యాత మనసు ఉవ్విళ్లూరుతుంది. ఆ మాట జర్మానిక్ భాషల సొత్తని భాషాశాస్త్రం చెబుతుంది; చెప్పనివ్వండి. ఆము పేర్చడం సామాన్యమైన విద్య కాదు. సారె మీదినుంచి దిగిన పచ్చికుండను ముందు నీడన, తరువాత ఎండన ఆరనిచ్చి, పిడకల మధ్య పేర్చి, గడ్డి కప్పి, పైన మట్టి మెత్తి, మొదట సన్నసెగ పెట్టి, అది లోపలికి పాకిన తరువాతనే మంట పెంచుతారు. తడి మిగిలిన కుండను తొందరపడి కాలిస్తే, మట్టిలోని నీరు ఆవిరై దారి దొరకక కుండనే పగలగొడుతుంది. అందుకే మబ్బు పట్టిన రోజున ఆము ముందు నిలబడ్డవారి కళ్లు ఆకాశం మీదనే ఉంటాయి.

ఓవెను మాట మరుగున పడినట్టుంది గాని, పడలేదు. ఆ తడే ఇక్కడా దోషి. ఓవెనులో ఎర్రగా కాలే కడ్డీని ఎలిమెంటు అంటారు. లోహపు గొట్టం నడుమ నిక్రోము తీగ ఉంచి, చుట్టూ మెగ్నీషియం ఆక్సైడు పొడి దట్టిస్తే ఎలిమెంటు అవుతుంది. ఆ పొడి వేడిని పోనిస్తుంది, కరెంటును ఆపుతుంది, కాని తేమ దొరికితే పీల్చుకుంటుంది. పుట్టినరోజు కేకు తరువాత అటకెక్కి, వానాకాలమంతా అక్కడే గడిపిన ఓవెనులో గొట్టం కొసల నుంచి తేమ చేరి, తీగలోని కరెంటు కొద్దికొద్దిగా లోహపు ఒంటికీ, అక్కడినుంచి ఎర్తుకూ కారుతుంది. ఈ కారుడును పసిగట్టేది కరెంటు బోర్డులోని ఆర్‌సీసీబీ. ఇళ్లలో సాధారణంగా వాడే రకం, కారుడు 30 మిల్లీఆంపియర్లకు చేరేలోపే పడిపోతుంది. కుమ్మరికి తెలిసిన ఈ తడి సంగతి సూత్రకారుడికి తెలియదు, లేదా తెలిసీ రాయలేదు.

"సరిచూచుకొని" అన్న క్రియకు ఏమి సరిచూడాలన్న ఆకాంక్ష మిగిలిపోయింది. చూడవలసింది ఒక్కటే: పడిపోయింది ఏది? లోడు మించినా షార్టయినా లైను తెంచే ఎంసీబీ అయితే సంగతి వేరు. 230 వోల్టుల దగ్గర 2000 వాట్ల ఓవెను సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. అదే 16 ఆంపియర్ల లైను మీద అంతే వాట్ల ఇండక్షన్ పొయ్యీ, 1500 వాట్ల కెటిలూ నడిస్తే మొత్తం 24కు చేరువై, ఎంసీబీలోని జంటలోహపు పట్టీ వేడెక్కి వంగి, కొన్ని నిమిషాలకు మీటను పడేస్తుంది. స్విచ్ వేసిన క్షణంలోనే పడితే అది షార్టు. ఆ పని లోపలి అయస్కాంతానిది. పడింది ఆర్‌సీసీబీ అయితే, స్విచ్ కట్టేయడం చాలదు, ప్లగ్గే ఊడదీయాలి, ఎందుకంటే స్విచ్ తెంచేది ఫేజును మాత్రమే. ఊడదీసినా మీట నిలవకపోతే దోషం ఓవెనుది కాదు. నిలిస్తే, ప్లగ్గు మళ్లీ పెట్టి, ఓవెను మీటను పైకడ్డీ ఒక్కదానికే, తరువాత కిందికడ్డీ ఒక్కదానికే తిప్పి చూస్తే, చాలాసార్లు దొంగ దొరుకుతాడు. ఇంతపాటి సంగతికి నాలుగు పంక్తులు చాలు; పుస్తకంలో కేకు బొమ్మలకు మాత్రం పుటలున్నాయి.

"అర్హుడగు నిపుణుడు" అన్న పదబంధం వద్ద వ్యాఖ్య ఆగిపోతుంది. పిలిస్తే వచ్చే వ్యక్తి, ఏది పడిందో అడగకుండానే, "ఓవర్‌లోడండీ, 32 ఆంపియర్లది వేసేద్దాం" అంటాడు. గోడలోని తీగ 16 ఆంపియర్ల లైనుకు వేసినదే అయినప్పుడు, ఇకముందు వేడెక్కేది ఎంసీబీ కాదు, గోడ. ఎర్తు పిన్ను విరిచేస్తే పడదని చెప్పే నిపుణులూ ఉన్నారు. నిజమే, పడదు, ఆ కరెంటు ఓవెను తలుపు పట్టుకున్న చేతికోసం ఎదురుచూస్తుంది. "అర్హుడు" అన్న విశేషణం ఎవరికి వర్తిస్తుందో మూలం చెప్పనందున, ఆ భాగానికి అర్థం రాయలేదు.

పాఠకులు ఫోను చేసేముందు బోర్డు దగ్గరకు వెళ్లి చూడవలసింది: పడిపోయిన మీట పక్కన 'టి' అనే అక్షరం గల చిన్న బొత్తాం ఉంటే, అది ఆర్‌సీసీబీ.