బోర్లా పడిన ఎబెనెజరు

నా ఒంటి మీద అయిదు అక్షరాలున్నాయి: ఎ, బె, నె, జ, రు. బరంపురంలో ఒక తెలుగు పంతులుగారి ఇంటి పేరు పలకను నేను. ఇప్పుడు ఆ అక్షరాలు మురుగు కాలువ వైపు తిరిగి ఉన్నాయి. నా వీపు మీద నుంచి స్కూటర్లు పోతున్నాయి.

నాది ఖొండలైటు రాయి. ఈ తూర్పు కొండల్లో బతికే ఖోండుల పేరే మా జాతికి పెట్టారు. పూరీ, కోణార్క గుళ్ళకు ఎక్కువగా మోసుకెళ్ళింది మా వాళ్ళనే. నన్ను చెక్కిన ఒడియా శిల్పికి తెలుగు రాదు. పంతులుగారు సుద్దతో రాసిచ్చిన గీతల వెంట ఉలి నడిపాడు. చివరి 'రు' కొమ్ము కాస్త పొడుగు సాగింది. సరిచేస్తానంటే పంతులుగారు వద్దన్నారు.

గంజాం ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులవి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడే నాటికే నేను గుమ్మం పక్క గోడలో ఉన్నాను.

పేరు పెట్టేటప్పుడు సంఘం అయ్యగారు 'బేతేలు' అని పెట్టుకోమన్నారు. దేవుని ఇల్లు అని అర్థం. పంతులుగారు ఒప్పుకోలేదు. "మా తాటాకిల్లు కాలిపోయింది ఈ స్థలంలోనే అయ్యగారూ. పెద్దపిల్ల జ్వరంతో పోయిందీ ఇక్కడే. మళ్ళీ గోడలు లేచిందీ ఇక్కడే. దీనికి ఎబెనెజరే పేరు" అన్నారు.

హెబ్రీ భాషలో 'ఎబెన్' అంటే రాయి, 'ఏజెర్' అంటే సహాయం. బైబిల్లో, ఇశ్రాయేలీయుల చేతిలో ఫిలిష్తీయులు ఓడిపోయాక సమూయేలు ప్రవక్త మిస్పాకూ షేనుకూ నడుమ ఒక రాయి నిలబెట్టి, దేవుడు ఇంతవరకూ ఆదుకున్నాడని చెప్పి ఆ పేరు పెట్టాడు. ఆ కథ అందరికీ తెలుసు. దాని ముందు కథ మాత్రం పంతులుగారు చెబితేనే విన్నాను. సమూయేలు మొదటి గ్రంథం నాలుగో అధ్యాయంలో ఇశ్రాయేలీయులు దిగిన చోటు పేరు కూడా ఎబెనెజరే. అక్కడ మొదట నాలుగు వేల మంది, తరవాత ముప్ఫై వేల మంది కూలారు. దేవుని మందసం శత్రువుల చేతికి పోయింది. ఆ రెండూ ఒకే చోటా కాదా అని పండితులు ఇంకా వాదిస్తూనే ఉన్నారు. పంతులుగారికి మాత్రం పేరు ఒకటే కావడం చాలు. ఓడిన చోటి పేరునే సమూయేలు కావాలని రాయికి పెట్టాడని ఆయన నమ్మకం. నాకూ అదే నిజమనిపిస్తుంది. 'ఇంతవరకు' అన్న మాటలో రేపటి హామీ లేదు, నిన్నటి లెక్క ఉంది.

శనివారం సాయంత్రం పంతులమ్మగారు తడిగుడ్డతో నా అక్షరాల్లో మట్టి తీసేవారు. క్రిస్మస్‌కు వాటిలో సున్నం నింపేవారు. మనవరాలు చిన్నప్పుడు వేలు పెట్టి 'రు' కొమ్ము చివరిదాకా గీసేది. ఇంట్లో తెలుగే మాట్లాడేది గానీ బడిలో నేర్చింది ఒడియా. "తాతా, ఇదేం అక్షరం?" అని అడిగేది. ఆయన ప్రతిసారీ చెప్పేవారు.

ఆయన పోయాక అడిగేవాళ్ళూ లేరు, చెప్పేవాళ్ళూ లేరు. ఒకసారి గోడతోపాటు నా మీదా రంగు పూశారు. తరవాత 'బె' మీద కరెంటు మీటరు పెట్టె బిగించారు. ఆ మేకు దెబ్బకు పడిన చీలిక ఇంకా ఉంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు పక్కింటి వేపచెట్టు మా గోడ మీద కూలింది. నేను ఇటుకల్లో పడి ఉన్నాను. ఇల్లు అమ్మేశారు. కొత్తగా కట్టించేవారి మేస్త్రీ నన్ను కాలితో కదిపి చూసి, "మంచి పథర" అన్నాడు. అక్షరాలున్న వైపు ఎత్తుపల్లాలుగా ఉందని మురుగు కాలువ మీద బోర్లా వేశాడు.

సున్నం ఎప్పుడో కరిగిపోయింది. గుంటల్లో బురద చేరింది. కానీ నేను పగల్లేదు. మోసే పని ఇప్పటికీ చేస్తున్నాను.

బరంపురంలో పాత తెలుగు ఇళ్ళు పడగొట్టే వారికి నా మనవి ఒక్కటే. నన్ను లేపినా లేపకపోయినా, ఇకమీద ఏ రాయినైనా కాలువ మీద పరిచే ముందు తిప్పి చూడండి. అక్షరాలు కనిపిస్తే, చదవగలిగిన వాళ్ళను ఒక్కసారి పిలవండి.